మగ సాళ్ళ దగ్గర ఆగని చేయి

నింగమ్మ కుడిచేతి బొటనవేలి గోరు మిగతా తొమ్మిది గోళ్ళలా ఉండదు. అంచు దళసరిగా, కొడవలి మొనలా వంకర తిరిగి ఉంటుంది. ఎన్నిసార్లు సబ్బు పెట్టి రుద్దినా పోని పసుపుపచ్చ మరక ఒకటి దాని మీద. మిగతా గోళ్ళు కత్తిరించుకున్నా దాన్ని మాత్రం పెంచుతుంది. అది లేకపోతే పని లేదు.

ఆమెది విత్తన పత్తి పని. కన్నడ సీమలో చిక్కసూగూరు దాటి ఇంకా పైకి, నదివైపు పోతే వాళ్ళ ఊరు. అక్కడి చేలలో కొన్ని బట్టకు పనికొచ్చే పత్తివి కావు; వచ్చే ఏడు రైతులు ప్యాకెట్లలో కొనుక్కునే విత్తనానివి. ఆ విత్తనం దానంతటది పండదు. చేనులో ఆడ సాళ్ళు వేరు, మగ సాళ్ళు వేరు. ఆడ సాలులో రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే పట్టుకుని, అడుగున గోటితో చుట్టూ గిల్లి, రేకులనూ పుప్పొడినీ ఒక్క ఊపున తొడుగులా ఊడబెరకాలి. నడుమనున్న సన్నటి కాడ మాత్రం విరగకూడదు. మర్నాడు పొద్దున మగ సాళ్ళ నుంచి విచ్చిన పువ్వులు కోసుకొచ్చి ఆ కాడకు రుద్దాలి. అప్పుడే కాయ. మగ సాళ్ళలో మొగ్గను ఎవరూ ముట్టుకోకూడదు. ముడితే మర్నాటికి రుద్దడానికి పువ్వే ఉండదు.

"ఇంతే అన్నా ఈ పని," అంటుంది నింగమ్మ. "గిల్లాలె, పడెయ్యాలె, ముందుకు పోవాలె."

ఆమె సంగతి విని రాసుకోవడానికి పోయిన నేను, ఆమె ఇది చెబుతున్నప్పుడు చూసింది వేరే. చేతిలో టీ గ్లాసు ఉంది. బొటనవేలు గ్లాసు అంచు చుట్టూ గీస్తూనే ఉంది. మధ్యలో మాట ఆపింది. వేలు ఆగలేదు.

పదకొండో ఏట మొదలుపెట్టింది. అప్పట్లో గురురాజ్ అనే ఆసామి చేలలో ఆడపిల్లలనే పనికి పెట్టుకునేవారు. చెట్టు ఎత్తు వాళ్ళ ఎత్తుకు సరిపోతుందని, చేతులు చిన్నవని. మేస్త్రి బసవప్ప జొన్న దంటు ఒకటి పట్టుకుని సాళ్ళ వెనక తిరిగేవాడు. గట్టిగా కొట్టేవాడు కాదు. మోచేతి మీద అలా తట్టేవాడు, అంతే.

"నేను మొగ్గ మొగ్గకూ ఆగేదాన్ని," అని చెప్పింది నింగమ్మ. "ఒక్కో మొగ్గల చిన్న పచ్చ పురుగు పండుకొని ఉంటుండె. పాపం, దాని ఇల్లు పీకుతున్న గద అని చూస్తుంటి. ఎనకనుంచి తట్టెటోడు. 'ఏయ్ పిల్లా, సూడకు. సూస్తే చెయ్యి ఆగుతది. చెయ్యి ఆగితే సాలు ఆగుతది' అని. ఒక ఏడు తట్టిండు, రెండో ఏడు తట్టిండు. మూడో ఏడు తట్టలే. తట్టే పనే లేకపాయె."

"అప్పటికి పురుగు కనపడటం మానేసిందా?"

"పురుగు ఏంది అన్నా, మొగ్గనే కనపడలే. సాలు కొస కనపడేది. అది ఒక్కటే."

అట్లా ఇరవై ఏడేళ్ళు. ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఆమెంత జల్దిగా మొగ్గ తీసేవాళ్ళు లేరని గురురాజే ఒప్పుకుంటాడు. ఇంట్లో మాత్రం ఆ చేయి నవ్వులాటకు పనికొచ్చింది. ఆడబిడ్డ ఉలిగెమ్మ అత్తగారిది జాలహళ్ళి. అక్కడ పసిబిడ్డ తొట్టెల పండుగకు పోయినప్పుడు, పూల పళ్ళెం ముందు పెట్టి దండ గుచ్చమన్నారు. నింగమ్మ అందరితో మాట్లాడుతూ కూర్చుంది. మాటలయ్యేసరికి పళ్ళెంలో చామంతులు లేవు. కాడలు ఒక కుప్ప, రేకులు ఒక కుప్ప.

"వదినా, నీ ముందర దేవుణ్ణి కూసోబెట్టినా మీసం పీకుతవ్," అంది ఉలిగెమ్మ. అందరూ నవ్వారు. నింగమ్మ కూడా నవ్వింది.

రెండేళ్ళ కిందట విత్తన కంపెనీ సూపర్‌వైజరు ప్రకాశ్ ఊళ్ళోకొచ్చి, నింగమ్మ భర్త యంకప్ప వాటాకు వచ్చిన అరెకరం చూశాడు. గురురాజ్ ప్లాటుకు ఆనుకునే ఉంది అది. మధ్యలో వేరే పత్తి ఉంటే పుప్పొడి కలిసిపోతుంది కాబట్టి దాన్నీ విత్తనానికే ఇమ్మన్నాడు. యంకప్ప లారీల మీద హమాలీ. చేను సంగతి పట్టదు. "పని ఎరిగింది అదే, దాని పేరు మీదనే రాసుకోండ్రి" అన్నాడు.

వారం తిరక్కుండా చేను గట్టు మీద పసుపు రేకు బోర్డు లేచింది. కన్నడ అక్షరాలు. ప్లాటు నంబరు, దాని కింద 'నింగమ్మ గండ యంకప్ప', అంటే నింగమ్మ, భర్త యంకప్ప. నింగమ్మకు చదువు రాదు. కూతురు అక్షత, పీయూసీ రెండో ఏడు, చదివి వినిపించింది. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది. మూడోసారి చదవమంటే, "అమ్మా, అదే రాసుంది, మారలే" అంది అక్షత.

"ఇరవై ఏడేళ్ళు ఇంకొకరి బోర్డు కింద వంగిన అన్నా," అంది నింగమ్మ నాతో. "ఒక్క పంట నా బోర్డు కింద తీయాలె. ఒక్కటి చాలు. కూలామె కాదు, రైతు అనాలె."

ఆ పంట కోసం ఆమె చేయనిది లేదు. కలుపు, నీళ్ళు, మందు, అన్నీ వేళకు. చెట్లు నడుం ఎత్తుకు వచ్చాయి. శ్రావణం పోతూ ఉండగా మొగ్గ పట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గురురాజ్ చేలో మగ సాళ్ళు దూరంగా, బావి పక్కన ముళ్ళకంచె లోపల ఉండేవి. మగ విత్తనం వేరే కంపెనీల వాళ్ళ చేతిలో పడుతుందని భయం. కూలీలను అటు పోనిచ్చేవారు కాదు. పొద్దున్నే ఇంటివాళ్ళే పువ్వులు కోసి బుట్టల్లో తెచ్చి ఇచ్చేవారు. అంటే ఇరవై ఏడేళ్ళలో నింగమ్మ ఒక్క సాయంత్రం కూడా మగ సాలులో నడవలేదు. ఆమె చేతికి తెలిసిన ప్రతి చెట్టూ గిల్లాల్సిన చెట్టే.

తన అరెకరంలో అంత జాగా ఏది? ఆడ సాళ్ళు అయిపోయిన చోటనే, రెండు అడుగుల దారి వదిలి, నాలుగు మగ సాళ్ళు.

మబ్బు పట్టిన సాయంత్రం అది. నింగమ్మ, పని రోజులకని పుట్టింటికి వచ్చిన ఉలిగెమ్మ చెరొక పక్క నుంచి ఆడ సాళ్ళు తీసుకుంటూ వచ్చారు. నింగమ్మ తన చివరి సాలు ముగించి మళ్ళింది. సాలు కొసకు రాగానే మళ్ళి పక్క సాలులోకి పోవడమే కదా ఎప్పుడూ. అట్లాగే పోయింది. వాన వచ్చేలోపు అయిపోతుందా, లేదా అని ఆలోచిస్తోందట.

"వదినా! వదినా, ఏం జేస్తున్నవ్? మగ సాలు గదనే అది!"

ఉలిగెమ్మ కేక వేసేసరికి రెండు సాళ్ళు అయిపోయి మూడోది సగంలో ఉంది. నింగమ్మ వెనక్కి చూసింది. నేల మీద తొడుగులు, వరసగా. వంగి ఒకటి తీసింది. మగ పువ్వు రేకు అడుగున ఎర్ర చుక్క ఉంటుంది. ఆడదానికి ఉండదు.

"ఆ చుక్క నా కండ్ల ముందరనే ఉండె. ఒక్కోటి పీకేటప్పుడు చూస్తనే ఉన్న. చూసినట్టు మాత్రం తెల్వలే."

మర్నాడు పొద్దున మిగిలిన పువ్వులు ఆడ సాళ్ళలో సగానికి కూడా సరిపోలేదు. గురురాజ్ దగ్గరికి పోయింది. అతని చేలోనూ అదే కంపెనీ మగ చెట్టే.

"రా నింగమ్మా, రా," అన్నాడు గురురాజ్. "రైతమ్మవైనవ్ గద, ఇంక మా దిక్కు చూస్తవా?"

"మగ పూలు కావాలె సావుకారు. ఒక్కరోజుకే."

"నీ చేన్ల లేవా?"

చెప్పక తప్పలేదు. విన్నాక అతను చాలాసేపు నవ్వాడు. "నీవు లేక ఈ ఏడు నా సాళ్ళు సగం అట్లనే పడున్నయ్. నా చేన్ల తీయాల్సిన చెయ్యి పోయి నీ చేన్ల మగ సాళ్ళు తీస్తున్నదా! తీస్కపో, తువ్వాలు పట్టు. ఒక్కసారే ఇస్త."

ఇచ్చాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

ఆ రోజు నుంచి నింగమ్మ పాత చీర అంచు చింపి పేలికలు చేసుకుంది. మగ సాళ్ళ దిక్కు పోయే ముందు అక్షత చేత బొటనవేలికి చుట్టించుకుని, పైన దారంతో బిగించి కట్టించుకునేది. గోరు లోపల దాక్కుంటే గిల్లలేదు కదా. ఇరవై రోజులు ఒక్క మగ మొగ్గ రాలలేదు. ఆడ సాళ్ళలో కాయలు దిగాయి.

"దవాఖాన్ల కట్టు కట్టినట్టు కడ్తవేందే," అని ఉలిగెమ్మ ఎగతాళి చేసేది. "నీ చెయ్యి నీ మాట ఇనదా?"

"ఇంటది. జర చెవుడు దానికి."

ఇంట్లో పేలిక విప్పినప్పుడు మాత్రం నింగమ్మ దాన్ని ఎవరికీ చూపించేది కాదు. గోరు ఉన్నచోట బట్ట పచ్చగా తడిసి ఉండేది. గిల్లలేదు కానీ, గిల్లబోయింది. ఎన్నిసార్లో ఆమెకూ తెలియదు.

ప్రకాశ్ తనిఖీకి వస్తానని కబురు చేశాడు. ఈ తనిఖీ బాగా జరిగితే పంట చివరిదాకా బోర్డు ఉంటుంది. వచ్చే ఏడు కూడా ప్లాటు ఇస్తారు. నింగమ్మ తలకు నూనె రాసుకుంది, పెట్టెలోని చీర కట్టుకుంది. అక్షత పేలిక పట్టుకుని నిలబడింది.

"వద్దు," అంది నింగమ్మ. "చేతికి పేలిక చుట్టుకొని సారు ముందర ఎట్ల నిలబడాలె? ఏదో రోగముందనుకుంటడు."

"అమ్మా, మగ సాళ్ళ దిక్కు పోతరు గద."

"నేను యాదిల పెట్టుకుంట. చిన్నపిల్లనా?"

ప్రకాశ్ సాయంత్రం అయిదింటికి బండి మీద వచ్చాడు. కాలువ కింద కోస్తా రైతులు వచ్చి స్థిరపడిన క్యాంపులో పుట్టి పెరిగినవాడు. అతని మాట కోస్తా మాట. ఆడ సాళ్ళన్నీ తిరిగాడు. కాయలు లెక్కచూశాడు. "బాగా చేశారమ్మా. గురురాజ్ గారి ప్లాటు కన్నా శుభ్రంగా ఉంది" అన్నాడు. నింగమ్మకు ఆ మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మగ సాళ్ళు ఎలా కాపాడుతున్నారు? మొన్న ఏదో అయిందని విన్నాను."

"అది అయిపాయె సారూ. ఒక్కరోజు పొరపాటు. ఇప్పుడు బరాబర్ చూస్కుంటున్న. రాండ్రి, చూపిస్త."

ముందు ఆమె, వెనక అతను, ఆ వెనక అక్షత. మగ సాలులోకి నడిచారు. నింగమ్మ చెబుతూనే ఉంది. పొద్దున ఎన్నింటికి పువ్వు కోస్తుందో, తడిగుడ్డలో ఎలా మూట కడుతుందో, ఒక్క మగ పువ్వుతో అయిదు కాడలు ఎలా రుద్దుతుందో. తల పక్కకు తిప్పి అతని ముఖం చూస్తూ చెబుతోంది. అంత ఇష్టంగా ఆమె మాట విన్న ఆఫీసరు అంతకుముందు ఎవరూ లేరు.

"అమ్మా," అంది అక్షత. "అమ్మా... చెయ్యి."

నింగమ్మ మాట ఆగింది. చేయి మాత్రం ఇంకొక మొగ్గ తీశాకే ఆగింది.

ప్రకాశ్ వెనక్కి తిరిగి చూశాడు. వాళ్ళు నడిచి వచ్చిన దారంతా తొడుగులు రాలి ఉన్నాయి. లేతపసుపు రేకులు, ఒక్కోదాని అడుగున ఎర్ర చుక్క.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు. కోపంగా కాదు. భయపడినట్టు అన్నాడు.

ఆమె చేతిలో ఉన్న చివరి తొడుగును చెట్టుకు తిరిగి తొడగడానికి చూసిందట. ఆ సంగతి అక్షత చెప్పింది నాకు. నింగమ్మ చెప్పలేదు.

మూడో రోజు ఇద్దరు మనుషులు పసుపు రంగు డబ్బా, నల్ల రంగు డబ్బా తెచ్చారు. ఆమె పేరు మీద పసుపు పూసి, ఆరకముందే గురురాజ్ పేరు రాశారు. వెంట ప్రకాశ్ ఉన్నాడు.

"ప్లాటు పాడైతే పక్క ప్లాటుకి కూడా చెడ్డపేరమ్మా. చేను మీదే కానీ, ప్లాటు ఈ సీజనుకి గురురాజ్ గారి పేరు మీద నడుస్తుంది. మీరు ఇందులోనే పని చేసుకోండి. ఆడ సాళ్ళలో మీ చేయి లాంటి చేయి నేను చూడలేదు. ఇలాంటి చేయి ఊరికే తయారవదు."

"తయారు కాలే సారూ," అంది నింగమ్మ. "తయారు చేసిన్రు."

అతనికి అర్థం కాలేదు. బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మాట గురించి ఆమె అడగాల్సినవాడు వేరే ఉన్నాడు. బసవప్ప మేస్త్రి ఇప్పుడు ముసలివాడు. ఇంటి అరుగు మీదనే ఉంటాడు. నింగమ్మ పోయి ముందు కూర్చుంది.

"మామా, చిన్నప్పుడు మొగ్గ చూస్తుంటే నన్ను దంటుతో ఎందుకు తడ్తుంటివి?"

"నిన్నేనా? అందర్నీ తట్టిన. యాద్ లేదు." ఆమె చేయి అందుకున్నాడు. గోరు తడిమి చూశాడు. ముఖం వెలిగింది. "నేను తయారుచేసిన చేతులల్ల ఇదే నంబర్ వన్. నా పేరు నిలబెట్టినవ్ బిడ్డా."

ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"నా చేతికి బుద్ధి లేదా అన్నా? మనిషి ఆగమంటే చెయ్యి ఆగదా?" అని నన్ను అడిగింది ఆ తరవాత. తెలుసుకుని చెబుతానన్నాను. దొరికిన వ్యాసాలు చదివాను, అర్థం కానివి తెలిసినవాళ్ళను అడిగాను. అర్థమైనంత చెప్పాను. మెదడులో నాడీకణానికీ నాడీకణానికీ మధ్య సన్నటి అతుకులు ఉంటాయట. కొన్ని 'కానియ్' అంటాయి, కొన్ని 'ఆగు' అంటాయి. అలవాటు పడటమంటే 'కానియ్' అనేవి గట్టిపడటం ఒక్కటే కాదట. చేసిందే చేస్తూ పోతే 'ఆగు' అనేవి కూడా మారతాయి. కొన్నిచోట్ల సడలుతాయి, కొన్నిచోట్ల బిగుస్తాయి. ఏది ఎక్కడ ఎందుకన్నది ఇంకా వెతుకుతూనే ఉన్నారట. చాలావరకు ఎలుకల మీద చూశారు.

నింగమ్మ శ్రద్ధగా వింది.

"ఎలుకలకు ఏం నేర్పిచ్చిన్రు?"

"మీట నొక్కితే మేత పడుతుందని. బాగా అలవాటయ్యాక, కడుపు నిండి ఆ మేత వద్దనిపించినా నొక్కుతూనే ఉంటాయట."

"కడుపు నిండనిచ్చిన్రా?" అంది. "నయం."

బొటనవేలితో చీర అంచు గీస్తూ అంది. "అంటే అన్నా, నా తలల 'ఆగు' అన్నది ముందు ఉండె. పురుగును చూసి ఆగుతుంటి గద. అదే ఆగు. దాన్ని దంటుతో తట్టి తట్టి పండబెట్టిన్రు. లేకుంటే చేన్లు అంత జల్ది అవుతయా? సావుకారుకు కావాల్సినన్ని ఏండ్లు అది పండుకొని ఉంది. నాకు ఒక్క సాయంత్రం కావాల్సొస్తే లేవలే."

ఆ ఏడు మిగిలిన సీజనంతా ఆమె తన అరెకరంలోనే కూలీకి పోయింది. గురురాజ్ ఆడ సాళ్ళకూ మగ సాళ్ళకూ మధ్య ప్లాస్టిక్ తాడు కట్టించి, దానికి ఎర్ర గుడ్డ పీలికలు వేలాడదీయించాడు. "నింగమ్మ కోసం" అని నలుగురిలో చెప్పి నవ్వించేవాడు. ఆమె సాలు ముగించి తాడు దగ్గరికి వచ్చి నిలబడేది. బోర్డు మీద పసుపు పలచగా పూశారు. ఎండ ఏటవాలుగా పడితే కొత్త పేరు కింద పాత అక్షరాలు ఉబ్బుగా కనిపిస్తాయని అక్షత చెప్పింది. నింగమ్మ అటు చూడదు.

ఈ ఏడు కూడా ప్లాటు గురురాజ్ పేరు మీదనే ఉంది. మొన్న నేను పోయినప్పుడు ఒక సంగతి చెప్పింది. ఉలిగెమ్మకు కూడా చెప్పలేదట. అందరికన్నా ముందు చేనికి పోతుంది. తాడు కింద నుంచి వంగి మగ సాలులోకి దిగుతుంది. పేలిక కట్టుకోదు. ఒక మొగ్గ దగ్గర చేయి పెడుతుంది. అడుగున ఎర్ర చుక్క తెలిసేదాకా రేకును వేలి కొసతో విప్పి చూస్తుంది. లోపల పురుగుందేమో చూస్తుంది. చేయి వెనక్కి తీసుకుంటుంది. రోజుకు పది మొగ్గలు.

"ఆగుడు నేర్చుకుంటున్న," అంది.

"నేర్చుకుంటే ప్లాటు తిరిగి ఇస్తారా?"

"ఎక్కడిది అన్నా. ఆ పేరు పోయినట్టే. ఇంకొకటి కూడా ఉంది. ఆగుడు వస్తే నా చెయ్యి మెత్తబడుతది. ఆడ సాళ్ళల్ల కూడా ఆగుతది. మొన్న ఆగింది. సావుకారు చూసి, 'ఏం నింగమ్మా, ముసలిదానివైనవా?' అన్నడు. ఇట్లనే ఆగుతుంటే కూలికి గూడ పిలవరు."

"మరి ఎందుకు?"

నింగమ్మ కొంగు ముడి విప్పింది. అందులో వాడి ముడుచుకుపోయిన మొగ్గ తొడుగు ఒకటి ఉంది. అరచేతిలో పెట్టి నా ముందుకు జరిపింది. అడుగున ఎర్ర చుక్క నల్లబడింది.

"ఇయ్యాల పదింట్ల తొమ్మిదింటి దగ్గర చెయ్యి ఆగింది," అంది. "దీని దగ్గర ఆగలే. సావుకారు కంట పడకుండ దాచి తెచ్చిన."